చాచా రిజిస్టరులో మొదటి కాగితం

పోయిన ఆదివారం పొద్దున్నే ఒక అమ్మాయి స్కూటీ మీద మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పాలకుర్తి దగ్గర ఒక పల్లెలో పుట్టి, హనుమకొండలో హాస్టల్లో ఉండి చదువుకుని, ఇప్పుడు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. ఆమె బ్యాగులోంచి తీసిన మొదటి వస్తువు నేను పదిహేనేళ్ల కిందట అచ్చు వేసుకున్న చిన్న పుస్తకం. మన జిల్లా జనం మాట్లాడే ఇంగ్లీషు గురించి పేపర్లో వారం వారం నా పేరుతో వచ్చిన ముక్కలన్నీ కలిపి వేసిన పుస్తకం అది. నా దగ్గర కూడా ఒకే ఒక్క ప్రతి మిగిలింది. ఆమె ప్రతికి అట్ట ఊడిపోయి, పేజీ పేజీకీ పెన్సిలు గీతలున్నాయి. పుస్తకం రాసినవాడు ఎవరైనా అది చూసి పొంగిపోవాలి. నేను మాత్రం దాన్ని ముట్టుకోలేకపోయాను.

ఆమె చెప్పింది నేను శ్రద్ధగానే విన్నాను. ఇంగ్లీషు ఏ దేశానికి పోయినా అక్కడి వాళ్లు మొదట దాన్ని ఉన్నదున్నట్టు అనుకరిస్తారనీ, రానందుకు సిగ్గుపడతారనీ, ఆ సిగ్గులోనే కొన్నేళ్లు గడిచాక తమ ఇంటి సంగతులూ, తమ మర్యాదలూ, తమ చావుపుట్టుకలూ అందులో చెప్పుకోవడం మొదలుపెడతారనీ, అప్పుడు ఆ భాష కొంచెం కొంచెంగా వాళ్ల సొంతమై వేరే రూపు తీసుకుంటుందనీ, ఆఖరికి ఒక తరం వచ్చి ఇది తప్పు కాదు, ఇది మాది అంటుందనీ వివరించింది. ప్రపంచంలో చాలాచోట్ల ఇలాగే జరిగిందట. కాకపోతే ఆ మొదటి రోజుల మాటలు ఎవరూ రాసిపెట్టుకోరు. తప్పులని దిద్ది పారేస్తారు. వరంగల్ లాంటి చోట ఒకాయన అంత ముందుగా వాటిని దిద్దకుండా పోగుచేసి పెట్టడం తనకు ఆశ్చర్యంగా ఉందనీ, తన సిద్ధాంత గ్రంథంలో మొదటి అధ్యాయం నా పేరుతోనే మొదలవుతుందనీ చెప్పింది. వచ్చే నెలలో సమర్పించాలట. ఒక్క సందేహం మాత్రం ఉందంది. పుస్తకంలో ఒక్క మాటకూ ఊరి పేరు లేదు, ఎవరన్నారో ఎక్కడన్నారో ఎక్కడైనా రాసుకున్నారా అంకుల్ అని అడిగింది.

లేదని చెప్పి పంపించవచ్చు. ఎందుకో లేచి వెళ్లి, బీరువా అడుగు అరలోంచి ఆ పాత రిజిస్టరు తెచ్చి ఆమె ముందు పెట్టాను. బట్ట అట్ట, పొడుగాటి కాగితాలు, ఎర్ర సిరాతో వేసిన పేజీ నంబర్లు. ఆమె గబగబా తిప్పుతూ పాలకుర్తి అని ఉన్నచోట ఆగింది. చదివి, మా అమ్మ ఇప్పటికీ ఇట్లనే అంటది అని నవ్వింది. తర్వాత ఫోనుతో ఒక్కొక్క పేజీ ఫొటో తీసుకుంటూ మొదటికి వచ్చి, ఇది మూడో పేజీతో మొదలైంది, ఒకటీ రెండూ ఏమయ్యాయి అని అడిగింది.

చెదలు తిన్నాయమ్మా అన్నాను.

యాభై రెండేళ్ల వయసులో, కూతురి వయసున్న పిల్ల కళ్లలోకి చూస్తూ అంత తేలిగ్గా అబద్ధం చెప్పాను. చెదలు అలా ఒక్క కాగితాన్ని కుట్టు దాకా నిలువుగా చింపుకుని తినవు. ఆమెకు ఆ సంగతి తెలియక కాదు, పెద్దవాణ్ణని ఊరుకుంది. ఆ రిజిస్టరు నాది కాదు. అందులో ఒక్క అక్షరం నేను రాసింది కాదు. అది ఎవరిదో, నా చేతికి ఎలా వచ్చిందో, మొదటి కాగితం ఏమైందో నా ఈడువాళ్లకైనా చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మాది రఘునాథపల్లి. మా నాన్న వ్యవసాయం చేసేవాడు. ఊరికి కాస్త అవతల రైల్వే గేటు ఉండేది. ఆ గేటు కాసే ముసలాయన కొడుకూ మా నాన్నా చిన్నప్పటినుంచి దోస్తులు. ఆ కొడుకునే నేను చాచా, అంటే చిన్నాన్న, అనేవాణ్ణి. మా వైపు ముస్లిములు చాలామంది మా అంత బాగా తెలుగు మాట్లాడతారు. చాచా మాకంటే బాగా మాట్లాడేవాడు. డిగ్రీ చదివి ఉద్యోగం దొరక్క, గేటు పక్కన ఉన్న రెండు గదుల క్వార్టరు ముందు చాప పరిచి మాకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పేవాడు. మేం ఏడెనిమిది మందిమి. రైలు వస్తే పాఠం ఆగేది, ముసలాయన జెండా ఊపేవాడు, గార్డు ఊపేవాడు, మేమందరం ఊపేవాళ్లం, మళ్లీ పాఠం మొదలయ్యేది.

గేటు దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. ఏ బండి ఎన్ని గంటలకు పోయింది, గేటు ఎప్పుడు వేశారు, ఎప్పుడు తీశారు అని గడుల్లో రాయాలి. ముసలాయన ముప్పై ఏళ్లు ఒక్క బండి కూడా వదలకుండా రాశాడని చాచా గొప్పగా చెప్పుకునేవాడు. అలాంటి ఖాళీ రిజిస్టరే ఒకటి చాచా తన దగ్గర పెట్టుకుని, గడుల పైన తలకట్లు మార్చి రాసుకున్నాడు. ఊరు, ఎవరు, ఏమన్నరు, ఎందుకన్నరు. మాలో ఎవరు నోరు తెరిచి ఇంగ్లీషులో ఒక వాక్యం మాట్లాడినా, అది ఎట్లా ఉన్నా సరే, దిద్దకుండా, నవ్వకుండా, తండ్రి బండి పేరు రాసినట్టు అందులో రాసుకునేవాడు. నోట్లోంచి మాట బయటికి వచ్చేటప్పుడు గేటు వేయొద్దనేది ఆయన పద్ధతి. ఇంగ్లీషు ఎక్కడో తయారైన బండి కావచ్చు, మన స్టేషన్లో ఆగితే మన మనుషులు ఎక్కుతారు, మన మూటలు ఎక్కుతాయి, ఎవరూ ఎక్కకుండా పోయే బండిని చూసి మనం జెండా ఊపడం తప్ప ఏం లాభం అనేవాడు.

ఆ రిజిస్టరులో మొట్టమొదటి మాట నాది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా బర్రె చచ్చిపోయింది. పాడి బర్రె. మా అమ్మ దాని మెడ పట్టుకుని ఏడుస్తుంటే చూడలేక నేను పరుగెత్తుకుంటూ ట్యూషన్‌కు వచ్చేశాను. ఎందుకు ఆలస్యమైందని చాచా అడిగితే, అప్పటిదాకా ఎన్నడూ ఇంగ్లీషులో నోరు మెదపనివాణ్ణి, ఆ రోజు ఎందుకు వచ్చిందో గానీ, "అవర్ బఫెలో ఎక్స్‌పైర్డ్ సార్. హౌస్ ఈజ్ నాట్ గుడ్" అన్నాను. ఊళ్లోకి వచ్చే టెలిగ్రాముల్లో ఎవరైనా పోతే ఎక్స్‌పైర్డ్ అనే ఉండేది. పోస్టుమాన్ ఆ మాట చదవగానే ఇంట్లో ఏడుపు లేచేది. కనుక అయినవాళ్లు పోతే అనవలసిన మాట అదేనని నేను అనుకున్నాను. మిగతా పిల్లలు నవ్వబోతే చాచా చెయ్యెత్తి ఆపాడు. రిజిస్టరు తెరిచి రాసుకున్నాడు. నన్ను ఇంటికి పంపిస్తూ తనూ వెంట వచ్చి, మా నాన్న పక్కన చాలాసేపు కూర్చుని పోయాడు.

ఆయన ఆ రోజు ఎందుకన్నరు అనే గడిలో ఏం రాశాడో నేను పెద్దయ్యాక చూశాను. తెలుగులో, చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "ఇంట్ల మనిషి పోయినట్టే చెప్పిండు. పుస్తకంల మాట వేరే ఉన్నది గని, ఆ మాటకు ఈ ఏడుపు రాదు. దిద్దలేదు."

తర్వాత చాచాకు హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం వచ్చింది. హాస్టలున్న స్కూలు, చుట్టుపక్కల పల్లెల పిల్లలు నిండా ఉండేవారు. నేను డిగ్రీ అయ్యాక ఏ పనీ లేక తిరుగుతుంటే, స్కూలు యజమాని అయిన కరస్పాండెంటు గారితో మాట్లాడి చిన్న తరగతులకు ఇంగ్లీషు టీచరుగా నన్నూ పెట్టించింది చాచాయే. ఆయన కొత్త పద్ధతి ఏదీ పెట్టుకోలేదు. అదే రిజిస్టరు. వారమంతా పిల్లలు అన్నవి రాసుకుని, శనివారం ఆఖరి పీరియడులో ఊరి పేరుతో సహా చదివేవాడు. ఈ వారం ధర్మసాగర్ ఇంగ్లీషు వినుండ్రి అని మొదలుపెడితే, ధర్మసాగర్ పిల్లలు కాలర్లు ఎగరేసుకునేవారు. ఆ ఊరి పిల్ల ఒకతి ఒకసారి స్నానం చేయకుండా ఎందుకొచ్చావంటే, "అవర్ వాటర్ వెంట్ టు వరంగల్ సార్, వి ఆర్ వెయిటింగ్ ఓన్లీ" అన్నది. మా ఊరి చెరువు నీళ్లన్నీ మీ వరంగల్‌కే పోతాయి, మేం చూస్తూ కూర్చుంటాం అని ఆ పిల్ల దెప్పు. పాలకుర్తి పిల్లవాడొకడు, "మై గ్రాండ్‌మదర్ కేమ్ యాజ్ మై బ్రదర్" అన్నాడు. నాయనమ్మ పోయిన ఏడాదికి తమ్ముడు పుట్టాడన్నమాట. ఈ రెండూ చదివిన శనివారం వరండాలో అటెండరు కూడా నిలబడి విన్నాడు.

చదవడంతో అయిపోయేది కాదు. బోర్డు మధ్యలో గీత గీసి, ఒకవైపు మన మాట, ఇంకోవైపు పుస్తకం మాట రాయించేవాడు. పరీక్షలో ఏది రాయాలో, హైదరాబాదు పోతే ఏది పనికొస్తుందో, ఇంట్లో అమ్మకు చెప్పుకునేది ఏదో పిల్లలకు స్పష్టంగా తెలిసేది. ఇది నాకు బాగా తెలుసు. ఈ సంగతి నాకు బాగా తెలుసునని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను తెలియనట్టు ప్రవర్తించాను.

మీలో టీచరు ఉద్యోగం చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పెద్ద ఊళ్లనుంచి ఏసీ బస్సుల స్కూళ్లు మన ఊళ్లలోకి దిగడం మొదలైంది. మా కరస్పాండెంటు గారికి భయం పట్టుకుంది. చెడ్డవాడు కాదు, అప్పుచేసి కట్టిన బడి ఖాళీ అవుతుందేమోనని ఆయన దిగులు. నన్ను హైదరాబాదులో నలభై రోజుల స్పోకెన్ ఇంగ్లీషు శిక్షణకు పంపించాడు. అక్కడ మొదటి రోజే నా చేత రెండు నిమిషాలు మాట్లాడించి, క్యాసెట్ మీద పట్టి, అందరి ముందూ వినిపించారు. అందరూ నవ్వారు. వాళ్ల కంటే ముందు నేనే నవ్వాను, అంత సిగ్గు వేసింది. నలభై రోజులూ నోరు కడుక్కున్నట్టే ఉండేది. తిరిగొచ్చాక రఘునాథపల్లి యాస నా నోట్లో ఎక్కడా వినిపించకూడదని పంతం పట్టాను. స్టాఫ్‌రూములో చాచా నన్ను బేటా అని పిలుస్తూ పదిమందిలో ఇంగ్లీషు మాట్లాడితే, ఆ క్యాసెట్ మళ్లీ మోగుతున్నట్టు ఉండేది. నేను చాచా మీద పెంచుకున్న కోపం నిజానికి ఆ క్యాసెట్‌లో ఉన్నవాడి మీది కోపం. ఇది ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు తెలియలేదు.

అదే సమయంలో ఊళ్లో ఒక పెద్ద వ్యాపారి కూతురు మా స్కూలు నుంచి హైదరాబాదు బడికి ఇంటర్వ్యూకు పోయి, అక్కడ మాట్లాడిన ఇంగ్లీషుకు సీటు రాలేదని తిరిగొచ్చింది. తండ్రి వచ్చి కరస్పాండెంటు గారి గదిలో గట్టిగా మాట్లాడిపోయాడు. మర్నాడు కరస్పాండెంటు నన్ను పిలిచి, శిక్షణ పొందివచ్చావు గనుక ఇంగ్లీషు పాఠాలు ఎట్లా నడుస్తున్నాయో చూసి చెప్పమన్నాడు. ఎవరికీ తెలియనివ్వవద్దన్నాడు. తొమ్మిది, పది తరగతులు ఖాళీ అయితే నాకే ఇస్తానని కూడా అన్నాడు.

స్టాఫ్‌రూములో చాచా బల్ల సొరుగుకు తాళం ఉండేది కాదు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకు పోయినప్పుడు రిజిస్టరు తీశాను. మొదటి కాగితం తిప్పితే నా పేరు, మా ఊరి పేరు, మా బర్రె. వెనక వైపు రెండో పేజీలో ఆ రిజిస్టరు ఎందుకు మొదలుపెట్టాడో, మన మాట పక్కన పుస్తకం మాట ఎట్లా నేర్పాలో చాచా రాసుకున్న వివరమంతా ఉంది. ఇది కరస్పాండెంటు గారి ముందుకు పోతే నా బర్రె మాట కూడా ఆయన కంట పడుతుంది. అంతే నా తలలో ఉన్న ఆలోచన. కాగితాన్ని కుట్టు దాకా చింపి మడిచి జేబులో పెట్టుకున్నాను. మిగతా రిజిస్టరు తీసుకుపోయి కరస్పాండెంటు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన నాలుగు పేజీలు చూసి ముఖం మాడ్చుకున్నాడు. చాచాను పిలిపించాడు. నేను వెళ్లిపోతానంటే ఉండమన్నాడు. చాచా నమాజు టోపీ చేతిలో పట్టుకుని, నన్ను చూసి మామూలుగానే నవ్వుతూ లోపలికి వచ్చాడు. ఈ తప్పులన్నీ మీరు పిల్లలకు చదివి వినిపిస్తున్నారా అని కరస్పాండెంటు గారు అడిగారు. చాచా కంగారు పడలేదు. అవి పిల్లల మాటలు సార్, ఎందుకు రాస్తానో మొదట్లనే రాసుకున్న, జర చూడుండ్రి అంటూ రిజిస్టరు తన వైపు తిప్పుకుని అట్ట తెరిచాడు.

మూడో పేజీ ఉంది. కుట్టు దగ్గర సన్నటి కాగితం అంచు మిగిలి ఉంది. ఆయన ఆ అంచు మీద పైనుంచి కింది దాకా వేలితో నిమిరాడు. తల ఎత్తి నావైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. రైలు వచ్చే టైమయినా ఎందుకు రాలేదా అని పట్టాల వైపు చూస్తారే, అట్లా చూశాడు.

కరస్పాండెంటు గారు నన్ను అడిగారు, నీకు తెలుసు గదా, ఏమంటావు అని. నేను అనవలసింది ఒక్క వాక్యం. అవి పిల్లల మాటలే సార్, పక్కన పుస్తకం మాటా నేర్పుతాడు, మొదటిది నాదే అంటే అయిపోయేది.

"చేతిరాత ఆయనదే సార్" అన్నాను.

చాచా రిజిస్టరు మూసి, నెమ్మదిగా ఆయన వైపు జరిపాడు.

"ఔ సార్. చేతిరాత నాదే" అన్నాడు.

ఆ కాగితం గురించి అక్కడ గానీ, తర్వాత స్టాఫ్‌రూములో గానీ, ఊళ్లో మా నాన్నతో గానీ ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఆ రోజునుంచి ఆయనకు పాఠాలు తీసేసి, స్కూలు గేటు దగ్గర బస్సుల డ్యూటీ వేశారు. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎంతమంది దిగారు అని రాయాలి. తండ్రి చేసిన పనే కొడుకు చేతికి వచ్చింది. పరీక్షలయ్యేదాకా అది చేశాడు. పిల్లలు బస్సు దిగుతూ ఆయనతో ఆగి మాట్లాడేవారు, నేను ఆ టైముకు వెనక గేటునుంచి లోపలికి పోయేవాణ్ణి. ఎండాకాలం సెలవుల ముందు ఆయన రఘునాథపల్లికి వెళ్లిపోయాడు. స్టాఫ్‌రూములో అందరి దగ్గరికీ వచ్చి పోయొస్తానని చెప్పాడు. నా బల్ల దగ్గరా ఒక క్షణం నిలబడి అదే మాట అన్నాడు. మనవైపు ఎవరూ పోతున్నానని అనరు గదా.

రిజిస్టరును కరస్పాండెంటు గారు నాకే ఇచ్చి చింపి పారేయమన్నారు. పారేయలేదు. ఎందుకు పారేయలేదో నాకు నేను మంచి కారణం ఏదీ చెప్పుకోలేను.

తొమ్మిది, పది తరగతులు నాకు వచ్చాయి. తప్పు వచ్చినచోటల్లా ఆపి దిద్దాను. అంటుజబ్బు కుదురుస్తున్నట్టు దిద్దాను. దసరా దాటేసరికి నా క్లాసులో ఇంగ్లీషులో నోరు తెరిచే పిల్లవాడు లేడు. శనివారం ఆఖరి పీరియడు వస్తే వాళ్లు అలవాటుగా పుస్తకాలు సర్దుకుని చేతులు కట్టుకుని కూర్చునేవారు. నేను డిక్టేషన్ చెప్పేవాణ్ణి. పాలకుర్తి పిల్లవాడు రెండేళ్లు నా దగ్గర చదివి, ఎస్ సార్, నో సార్ తప్ప మరొక మాట అనకుండా బడి దాటి వెళ్లిపోయాడు.

కథ అక్కడితో ఆగి ఉంటే నేను ఒక పిరికివాణ్ణి మాత్రమే అయి ఉండేవాణ్ణి. చాలా ఏళ్ల తర్వాత పేపరు జిల్లా పేజీలో పనిచేసే ఒకతను, మన జనం ఇంగ్లీషు మీద సరదాగా ఏదైనా రాయమని అడిగాడు. రిజిస్టరు బయటికి తీశాను. మొదట్లో నవ్వించడానికే రాశాను. ఊళ్ల పేర్లు తీసేశాను, పిల్లల పేర్లు తీసేశాను. జనం ఉత్తరాలు రాశారు. పదిమందిలో గుర్తుపట్టడం మొదలైంది. తర్వాత నాకు తెలివి వచ్చినట్టు, ఇవి తప్పులు కావు, మన బతుకు ఇంగ్లీషులో కూర్చున్న తీరు అని పెద్దమనిషిలా రాశాను. పుస్తకం వేసినప్పుడు ముందుమాటలో అందరూ మెచ్చుకున్న వాక్యం ఒకటుంది, పుస్తకంలోని మాటకు ఈ ఏడుపు రాదు అని. ఆ అమ్మాయి ప్రతిలో దాని కింద రెండు గీతలున్నాయి. అది ఎవరిదో మీకిప్పుడు తెలుసు. జేబులో దాచుకున్న కాగితంలోంచి దాన్ని ఎత్తి రాసుకున్నాను. ఒకప్పుడు ఆ రిజిస్టరుతోనే ఆయన్ని తప్పులవాడిని చేశాను, దానితోనే నేను పండితుణ్ణయ్యాను.

చాచాను చివరిసారి చూసింది కంటి దవాఖానలో. మా అమ్మను తీసుకుపోయాను. బెంచీ చివర కూర్చుని ఉన్నాడు, కళ్లకు పొర వచ్చి మనిషి బాగా వంగిపోయాడు. గొంతు విని నన్ను గుర్తుపట్టాడు. మా అమ్మ బాగోగులు అడిగాడు. పేపర్లో వచ్చేవన్నీ ఆయన బిడ్డ చదివి వినిపిస్తోందట.

"బాగ రాస్తానవ్ బేటా" అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఇప్పుడు అడుగుతాడనుకున్నాను, అడిగితే కాళ్లు పట్టుకుందామని కూడా అనుకున్నాను. ఆయన మాత్రం, "గని ఊర్లెందుకు తీసేసినవ్‌ర? గా పిల్లలు యాడనో చదువుతరు. మా ఊరి పేరు రాలేదనుకోరా?" అన్నాడు.

పేపర్లో జాగ తక్కువ ఇస్తారు చాచా అన్నాను.

"జాగ లేదా. సరే తీ" అని తల ఊపాడు. అంతలో ఆయన పేరు పిలిచారు. లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి పోయాడు. ఎక్కువ కాలం బతకలేదు. మా తమ్ముడు ఫోను చేసి చెప్పేసరికి మధ్యాహ్నమైంది, తొందరగా బయలుదేరితే మట్టి చేసే వేళకు అందుకునేవాణ్ణే. ఏదో పని ఉందని చెప్పాను. ఏ పనీ లేదు.

తన పేరు వేయలేదని ఆయన ఒక్కసారీ అడగలేదు. పిల్లల ఊళ్లు అడిగాడు. ఆ అమ్మాయి కూడా వచ్చి మొదట అడిగింది అదే. ఆ ప్రశ్న రెండోసారి విన్నాకనే నేను చెదల అబద్ధం ఆడాను.

నిన్న పొద్దున ఆ కాగితం తీసి టేబుల్ మీద పరిచాను. మడతల దగ్గర చిరుగులు పట్టింది గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. అమ్మాయికి ఫోను చేసి, చెదలు తినలేదమ్మా, నేనే చింపానని చెప్పాను. ఎందుకు చింపానో, రిజిస్టరు ఎవరిదో, మీరు ఇక్కడ చదివిందంతా ఆమెకూ చెప్పాను. సిద్ధాంత గ్రంథంలో నా పేరు ఉన్నచోటల్లా చాచా పేరు రాయమన్నాను. ఆయన బిడ్డ ఇప్పటికీ రఘునాథపల్లిలోనే ఉంటుంది. రిజిస్టరు, కాగితం రెండూ తీసుకుని ఈ శుక్రవారం నేనే ఆమె దగ్గరికి పోతాననీ, వాటిని ఎవరికి చూపించాలో వద్దో ఇకమీద ఆమె ఇష్టమనీ చెప్పాను. ఆ ఇంటి గడపలో ఏమని నిలబడాలో ఇంకా నాకు తెలియదు.

అమ్మాయి, అంకుల్ అని ఈసారి అనకుండా, ఆ మొదటి మాట ఒకసారి చదవండి అంది. చదివాను. మా బర్రె, మా ఇల్లు. ఊరు అని అడిగింది. రఘునాథపల్లి అన్నాను. ఎవరు అని అడిగింది. నా పేరు చెప్పాను. ఎందుకన్నరు అని అడిగింది. చాచా చిన్న అక్షరాలతో రాసింది మొత్తం నెమ్మదిగా చదివాను. ఆమె రాసుకుంటున్న చప్పుడు ఫోనులో వినిపిస్తూనే ఉంది.

మా మనవరాలికి నాలుగేళ్లు. ఫోనులో బొమ్మలు చూసి ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. ఆ బొమ్మలు ఎట్లా పలికితే అట్లా, ఒక్క చోట కూడా తడబడకుండా పలుకుతుంది. మా వాళ్లందరూ మురిసిపోతారు, నాకూ ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే కళ్లు మూసుకుని వింటే అది ఏ ఊరి పిల్లో చెప్పలేను. మాటలన్నీ ఉన్నాయి, ఎక్కిన మూట ఒక్కటీ కనబడదు. లేదా ఈ పిల్లల మూటలు వేరేమో, వాటిని గుర్తుపట్టే చెవి నాకు లేదేమో. చాచా ఉంటే రిజిస్టరు తెరిచి, దిద్దకుండా రాసుకుని ఉండేవాడు. నేను దిద్దడం మానేసి చాలా ఏళ్లయింది గానీ, వినడం ఇంకా సరిగ్గా రాలేదు.